నడిచి చూడండి గారి లినక్స్

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది. ఆ వీధిలో మాత్రం ఎవర్నడిగినా చెప్పలేరు. పెద్ద బజారులో చెప్పుల దుకాణం ఉంది చూశారూ, అందులో పడుచుతనం నుంచీ సేల్స్‌మన్. ఎవరే జత తొడుక్కున్నా, "ఆగండాగండి, అప్పుడే బాగుందనేయకండి. ఓసారి అద్దం దాకా నడిచి చూడండి" అంటాడు. నడిచొచ్చి బాగుందంటే, "అలాగే మెట్ల దాకా కూడా" అంటాడు. అలా అనీ అనీ ఆయన పేరే 'నడిచి చూడండి గారు' అయి కూర్చుంది. పిలిస్తే పలుకుతాడు కూడా, ఏం నామోషీ లేదు.

నిజానికి మంచి మాటే. ఆయన అమ్మిన బూటు కరిచిందని మళ్ళీ గుమ్మమెక్కిన మనిషి లేడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ అలవాటుని ఆయన దుకాణంలో వదిలి రాడు, వెంటపెట్టుకుని ఇంటికి తెచ్చుకుంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని జనం ఎప్పుడో చేతులు కాలినప్పుడు అనుకుంటారు. ఈయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూ అనుకుంటాడు. కొత్త తువ్వాలు తెస్తే ముందు ఓ మూల తడిపి చూడాలి. కొత్త దిండు తెస్తే మధ్యాహ్నం ఓ కునుకు తీసి చూడాలి. ఇల్లు కొనేముందు ఎండలో వెళ్ళి చూశాడు, వానలో గొడుగేసుకెళ్ళి చూశాడు, అమ్మేవాళ్ళకి తల ప్రాణం తోకకొచ్చాక కొన్నాడు.

కొన్నాక అయినా స్థిమితపడ్డాడా? గోడకి ఒక్క మేకు కొట్టనివ్వలేదు.

"ఉండవోయ్, ఏది ఎక్కడ బాగుంటుందో నాలుగు రోజులు చూద్దాం. తొడుక్కుని రోడ్డెక్కిన జోడూ, మేకు కొట్టిన గోడా ఒకటే. వెనక్కి పుచ్చుకోరు" అన్నాడు వాళ్ళావిడతో.

ఆ నాలుగు రోజులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆ ఇంట్లో అద్దం కుర్చీలో కూర్చుని ఉంటుంది. చూసుకోవాలంటే వంగాలి. పెళ్ళిఫోటో బీరువాకి చేరగిలబడి ఉంటుంది. క్యాలెండరు తలుపు గడియకి వేలాడుతూ, తలుపు వేసిన ప్రతిసారీ దబ్బున కిందపడుతుంది. ముందుగదిలో కిటికీ ఎదురుగా ఉన్న పెద్దగోడ మాత్రం సున్నం వేసిననాడు ఎలా ఉందో అలాగే, బోసిగా ఉంది. ఆవిడ మొదట్లో అడిగింది, తర్వాత పోరింది, ఆ తర్వాత దెప్పింది. ఈమధ్య దెప్పడం కూడా మానేసింది. అది మంచి లక్షణం కాదని ఆయనకి తట్టలేదు. భార్య గొడవ పడటం లేదంటే సుఖపడుతోందనుకునే మొగుళ్ళలో ఆయనా ఒకడు మరి.

ఆవిడ పని బట్టలకొట్ల నుంచి వచ్చే పంట్లాల అంచులు మడిచి కుట్టడం. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కనే బల్లమీద కంప్యూటరు. కంప్యూటరు అంటే పెద్ద గొప్పదేం కాదు. ఆవిడ తమ్ముడు, జిరాక్స్ మెషీన్లు బాగుచేసే అతను, తన ఆఫీసులో తీసేసినదాన్ని మోసుకొచ్చి పెట్టాడు. స్విచ్ వేస్తే పిండిమరలా మోగేది. తెర వెలిగేలోపు ఆవిడ టీ కాచి, తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేది. వెలిగాక ఏదైనా నొక్కితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు.

"పాత సామాన్ల బండివాడికి ఇచ్చేయండి. ఆ బల్ల నాకు పనికొస్తుంది" అందావిడ.

"ఇచ్చేస్తే మళ్ళీ రాదు కదోయ్. చూద్దాం" అన్నాడీయన.

అప్పుడే బావమరిది ఓ పెన్‌డ్రైవ్ పంపించి ఫోన్ చేశాడు. "బావా, పెట్టె పాతదైనా లోపల బాగానే ఉంది. దానిమీద ఉన్న సిస్టమ్ బరువెక్కువ, మోయలేకపోతోంది. ఇందులో లినక్స్ పెట్టాను, తేలికరకం. డెస్క్‌టాప్ అంతా కింద ఓ పట్టీ, మూల ఓ మెనూ, అంతే. హంగులుండవు. పెట్టి ఆన్ చెయ్. రెండు అడుగుతుంది, 'ట్రై' అని ఒకటి, 'ఇన్‌స్టాల్' అని ఒకటి. ట్రై అంటే ఎక్కించకుండా ఊరికే వాడి చూడటం. చూసి, నచ్చితే ఇన్‌స్టాల్ చేసేయ్. డిస్కుమీది పాతవన్నీ చెరిగిపోతాయి గానీ, మీ ఫోటోలన్నీ నేను అప్పుడే కాపీ చేసి ఉంచాను, ఆ భయం లేదు."

ఆ మాట వినగానే నడిచి చూడండి గారి మొహం చూడాలి! ఇన్నేళ్ళకి తన మనసెరిగిన వస్తువు ఒకటి ఇంటికొచ్చింది. కొనమనకుండా, ముందు వాడి చూడమని తనంతట తానే అడుగుతోంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుని, ట్రై నొక్కాడు. టీ నీళ్ళు మరిగే లోపే తెర వెలిగింది. మెనూ నొక్కితే టక్కున తెరుచుకుంది. పిండిమర చప్పుడు పోయి చిన్న గుయ్‌మనే మోత మిగిలింది.

"చూశావుటోయ్! అద్దం దాకా నడిచొచ్చింది, ఆయాసం లేదు" అన్నాడు.

"అయితే ఎక్కించేయండి మరి" అందావిడ.

"మెట్ల దాకా నడవద్దూ?"

తెరమీద ఇన్‌స్టాల్ బొమ్మ ఒకటి ఎడంపక్క నిలబడి ఉంది. అది అలా నిలబడే ఉంది. ఈయన రోజూ దాన్ని పలకరించినట్టు చూసేవాడు, నొక్కేవాడు కాదు. తెరమీద వెనకుండే బొమ్మ మార్చుకున్నాడు, గడియారం సరిచేసుకున్నాడు, అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. మర్నాడు ఆన్ చేస్తే అన్నీ మొదటికొచ్చాయి. మళ్ళీ చేసుకున్నాడు, మళ్ళీ పోయాయి. ఇంకొకరైతే ఇదేమిట్రా అని బావమరిదిని అడిగేవారు. ఈయన తనకి తానే సమాధానం చెప్పుకున్నాడు.

"తేలికరకం కదోయ్. పడుకుని లేస్తే నిన్నటివేవీ మోయదు. మనలాగా మనసులో పెట్టుకోదు. అదే దాని సుఖం!"

"మీరు మొన్న తెస్తానన్న మిషను తుడిచే కుంచె కూడా అలాగే మర్చిపోయారు. మీరూ తేలికరకమే" అంది ఆవిడ, దారం పళ్ళతో తెంపుతూ.

రోజూ గడియారం తిప్పుకోవడం విసుగొచ్చి ఆయన ఓ ఉపాయం కనిపెట్టాడు. అసలు ఆపకపోతే సరి! తెర మాత్రం ఆర్పడం, పెట్టె అలా గుయ్యిమంటూ ఉండటం. ఆ వీధిలో కరెంటు పోవడం కూడా అరుదే, కలిసొచ్చింది. ఇక చూడండి ఆ ఇంటి ముచ్చట. ఆ ప్లగ్గు జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఇస్త్రీపెట్టెని వంటింట్లోకి తరిమేశాడు. చీపురు బల్ల కిందికి రాకూడదు. పక్కింటావిడ కాళ్ళు చాపుకుని కూర్చుంటే, "అమ్మా, కాస్త అటు జరగండి, వైరుంది" అని ఈయన గుమ్మం దగ్గర నుంచే కేకేసేవాడు. పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో కూడా అంత జాగ్రత్త ఉండదు.

ఇంతలో ఎవరూ ఊహించనిది జరిగింది. ఆవిడకి ఆ పెట్టె నచ్చింది.

ఓ మధ్యాహ్నం పంట్లాలేవీ రాక, ఊరికే మెనూ తెరిచి చూస్తుంటే బొమ్మలు గీసేది ఒకటి కనబడింది. మౌసుని, అదే ఆ ఎలకని పట్టుకుని ఓ గడి గీసింది. గడిలో రంగు పోసింది. దాని పక్కన ఇంకోటి. గుడ్డముక్కలు పక్కపక్కన పేర్చినట్టే ఉందే అనుకుంది. ఆ రోజు నుంచి పని కాగానే కుర్చీ ఇటు తిప్పుకునేది. గడి మీద గడి, రంగు పక్కన రంగు. కిటికీలోంచి కనబడే ఎదురు మేడలు, వాటిమీద నీళ్ళ ట్యాంకులు, తీగమీద ఆరేసిన దుప్పట్లు, పిట్టగోడమీద పావురాలు, అన్నీ గడులే. ఎన్నాళ్ళుగానో దాచిన ముక్కల మూట దించి, ఏ గడికి ఏ గుడ్డో చూసుకుంటూ గీసేది. జన్మంతా ఇతరుల పంట్లాల అంచులు కుట్టిన మనిషి, తనకంటూ ఒకటి గీసుకోవడం అదే మొదలు.

"ఏమిటోయ్ అది?"

"బొంత. ముందు గీసుకుని తర్వాత కుడతాను."

"మంచం మీదకా?"

ఆవిడ కాస్త ఆగి, "ఆఁ, మంచం మీదకే" అంది. ఈయన బాగుందని తలూపి దుకాణానికి వెళ్ళిపోయాడు. గీసింది గీసినట్టు ఆవిడ సేవ్ చేస్తూనే ఉంది. సేవ్ చేసింది ఎక్కడికి పోతుందని ఆయన ధీమా.

సరే. దుకాణానికి సెలవున్న ఓ పొద్దున, కరెంటువాళ్ళు మైకులో చెప్పుకుంటూ వెళ్ళారు. తీగలు మారుస్తున్నారట, కాసేపట్లో ఆ వీధికంతా సరఫరా ఆపుతారట. ఈయనకి గడియారం గుర్తొచ్చింది. మళ్ళీ అన్నీ సర్దుకోవాలి కదా అని ఉసూరుమంటూ బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఏరా, కరెంటు పోతే ఈ లినక్స్ గడియారం మళ్ళీ తిప్పుకోకుండా ఉపాయమేమైనా ఉందా?"

"గడియారమెందుకు పోతుంది బావా? అన్నట్టు నా పెన్‌డ్రైవ్ తిరిగివ్వలేదేం?"

"భలేవాడివే. దాన్ని పీకేస్తే కంప్యూటర్ ఎలా నడుస్తుందిరా?"

అవతల ఓ నవ్వు మొదలైంది. అది నవ్వో దగ్గో తెలియకుండా పోయి, ఎవరో మంచినీళ్ళు అందించిన చప్పుడు కూడా వినబడింది. "బావా! ఇన్నాళ్ళూ ట్రైలోనే ఉన్నావా? నెలలు గడిచిపోయాయి కదయ్యా! జోళ్ళు కొనకుండా దుకాణంలోనే కాపురం పెట్టావు కదయ్యా!"

"నవ్వింది చాలు గానీ, కరెంటు పోతే ఏమవుతుందో చెప్పు."

"ఏముంది, అందులో చేసినవన్నీ పోతాయి. ట్రైలో ఉన్నది డిస్కుమీదకి ఎక్కదు. అంతా తాత్కాలికమే."

"సేవ్ చేసినవి?"

"సేవ్ చేసినా గాలిలో దీపమే. ఎందుకూ, నువ్వేం చేశావని అందులో?"

నడిచి చూడండి గారు బల్లమీది పెట్టె వైపు చూశాడు. తను చేసింది ఏమీ లేదు. చేసిందల్లా ఆవిడ. వెనక్కి తిరిగి చూస్తే, చేతిలో పంట్లాం పట్టుకుని ఆవిడ అక్కడే నిలబడి ఉంది. మొత్తం వినేసింది. కోప్పడితే బాగుండును. కోప్పడలేదు. "పోతుందా?" అని మాత్రం అంది, చిన్నపిల్లలా. ఆ ఒక్కమాటకి ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

బొంత బొమ్మ సంగతి ఫోన్లో చెప్పాడు. "దాన్ని మెయిల్లో నాకు పంపించెయ్" అన్నాడు బావమరిది.

"ఇంట్లో నెట్ లేదురా. ఏది పెట్టించుకోవాలో ఇంకా చూస్తున్నాను."

"చూస్తూనే ఉండు! పోనీ పాత డిస్కులో కాపీ చెయ్యి."

ఆవిడే చేసి చూసింది. డిస్కు తెరుచుకుంది గానీ, చదువుకోవచ్చు, కొత్తగా ఏమీ పెట్టనివ్వనని మొరాయించింది.

"అయితే ఇంకో పెన్‌డ్రైవే దిక్కు. నాది తియ్యకు సుమా! పరిగెత్తు బావా, ఇప్పుడు మాత్రం నడవకు!"

పరిగెత్తాడు. గుమ్మంలో కాళ్ళకి ఏవి దొరికితే అవి తొడుక్కుని పరిగెత్తాడు. వీధి మలుపు దాకా వెళ్ళాక గానీ అవి వాళ్ళావిడ పూల చెప్పులని తెలియలేదు. ఊరందరి కాళ్ళూ చూసి వంకలుపెట్టే పెద్దమనిషి, సగం మడమ బయటికి వేలాడేసుకుని టపాటపా పోతుంటే, వీధిలో వాళ్ళు పని ఆపి చూశారు.

మలుపులో ఫోన్ల దుకాణం. ఆ కొట్టువాడు నిరుడు ఈయన దగ్గరే బూట్లు కొని, మెట్లదాకా నాలుగుసార్లు నడిచినవాడు. ఇన్నాళ్ళకి చేతికి చిక్కాడనుకున్నాడేమో, పెన్‌డ్రైవులన్నీ బల్లమీద తీరుబడిగా పరిచాడు. "నిదానంగా చూసుకోండి. ఇది ఎర్రది, ఇది మూత ఉన్నది, ఇదేమో..."

"ఏదో ఒకటి ఇవ్వవయ్యా బాబూ!"

కొట్టువాడు నోరు వెళ్ళబెట్టాడు. నడిచి చూడండి గారు ఏదో ఒకటి అనడం ఆ బజారులో ఎవరూ వినలేదు. చేతికందింది లాక్కుని, చిల్లర కూడా పుచ్చుకోకుండా ఈయన మళ్ళీ పరుగు.

తిరిగొచ్చేసరికి వాళ్ళ ఇంటి ముందు స్తంభానికి నిచ్చెన ఆనించి ఉంది. పైన లైన్‌మన్, చేతికి తొడుగులు.

"అయ్యా, కాస్త ఆగాలి! మా ఆవిడ బొంత లోపలుంది!" అని అరిచాడు కింద నుంచి.

లైన్‌మన్ కిందికి చూశాడు. ముందు పూల చెప్పులు కనబడ్డాయి, తర్వాత మనిషి. "నడిచి చూడండి గారా! బొంతకీ కరెంటుకీ ఏమిటండీ సంబంధం?"

"అది చెప్పాలంటే పొద్దు గూకుతుంది. ఆగండి, మీకు పుణ్యముంటుంది!"

"ఈ బూట్లు కొన్ననాడు నన్ను ఎంతసేపు తిప్పారో గుర్తుందా? బస్సు తప్పిపోయింది నాకు" అని లైన్‌మన్ నవ్వి, నిచ్చెన మెట్టుమీద సర్దుకుని కూర్చున్నాడు. "కానీ కరవలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. వెళ్ళిరండి, ఆగుతాను."

లోపల ఆవిడ కుర్చీలో కాదు, నేలమీద పెట్టె పక్కనే కూర్చుని ఉంది, దాన్ని ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు. కొత్త పెన్‌డ్రైవ్ పెట్టారు. ఆవిడ తన బొమ్మని పట్టుకుని అందులో వదిలింది. ఇంత హడావుడికీ ఆ కాపీ ఎంతసేపు పట్టిందంటారూ? రెప్పపాటు. ఇద్దరూ తెరవైపు చూస్తూనే ఉన్నారు, అది ఎప్పుడో అయిపోయింది.

"తెరిచి చూడవోయ్. సరిగ్గా వచ్చిందో లేదో" అన్నాడు.

"మొదలెట్టారూ!" అంది గానీ తెరిచింది.

వచ్చింది. మొత్తం బొమ్మ తెరనిండా పరుచుకుంది. ఆయన దాన్ని అంతా ఒక్కసారి చూడటం అదే మొదలు. మేడలూ, ట్యాంకులూ, దుప్పట్లూ, పావురాలూ. పక్కల చిన్న అంకెల్లో నిడివీ, వెడల్పూ వేసి ఉన్నాయి. పాదం చూసి కొలత చెప్పేసే కళ్ళు కదా ఆయనవి, ఆ అంకెల మీద ఆగాయి. ఇంత వెడల్పు మంచం తమ ఇంట్లో లేదు. ఎవరింట్లోనూ ఉండదు. ఆయన తలతిప్పి కిటికీ ఎదురుగా ఉన్న బోసిగోడని చూశాడు. మళ్ళీ తెర చూశాడు. ఆవిడ మంచానికి గీయలేదు. ఆ గోడకి గీసింది. మేకు కొట్టనివ్వడని తెలిసీ గీసింది. అడిగితే ఏం చెబుతాడో తెలుసు కనక, అడగడం కూడా మానేసి, మంచమని చెప్పి గీసుకుంది.

అంతలో "ఇక తీసేయమంటారా?" అని స్తంభంమీంచి కేక, "తీసేయండి!" అని ఆవిడ జవాబు. తెర నల్లబడింది.

మధ్యాహ్నం కరెంటు వచ్చాక ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆవిడ బొమ్మ ఉన్న పెన్‌డ్రైవ్ ఆవిడ గుప్పిట్లోనే ఉంది. ఇవ్వలేదు, ఇవ్వమని ఆయనా అడగలేదు. బావమరిది పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరు మొదలైంది. ట్రై, ఇన్‌స్టాల్. ఆయన ఇన్‌స్టాల్ నొక్కాడు. భాష అడిగింది, చెప్పాడు. చివరికి, డిస్కుమీద ఉన్న పాతదంతా చెరిపేస్తాను, మళ్ళీ వెనక్కి రాదు, సరేనా అని అడిగింది. ఆయన చెయ్యి ఎలక మీద ఆగింది. జన్మంతా తప్పించుకు తిరిగిన ప్రశ్న అది.

ఆవిడ వెనకాల నిలబడి ఉంది. తొందరపెట్టలేదు.

సరే నొక్కేశాడు.

ఓ పట్టీ మెల్లగా నిండుతూ పోయింది. అయ్యాక పెట్టె ఆపి, బావమరిది పెన్‌డ్రైవ్ పీకి, మళ్ళీ స్విచ్ వేశాడు. దేని ఆసరా లేకుండా తనంతట తానే లేచింది. గడియారం సరిచేసి, ఆపి, మళ్ళీ వేశాడు. సరిచేసిన గడియారం అలాగే ఉంది. అప్పుడు ఆవిడ గుప్పిట తెరిచి, తన బొమ్మని అందులోకి ఎక్కించుకుని, వంటింట్లోకి వెళ్ళింది.

కాసేపటికి ముందుగదిలో ధన్‌మని మోత. తర్వాత ఇంకోటి. ఆవిడ చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తుకొచ్చింది.

"ఏం పగలగొట్టారండీ?"

ఆయన కుర్చీ ఎక్కి ఉన్నాడు. కుర్చీలో ఉండే అద్దం నేలమీద ఉంది. చేతిలో సుత్తి, జుట్టునిండా సున్నం. బోసిగోడ మీద, పైన ఓ పక్కగా, మేకు ఒకటి దిగి ఉంది. కాస్త వంకరగానే దిగింది.

"కొలత చూశాను. అది మంచానిది కాదు" అన్నాడు, గోడవైపే చూస్తూ.

ఆవిడ చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంది, సున్నం పడిందన్నట్టు. సున్నం పడింది ఆయన మీద, ఆవిడ మీద కాదు.

"బొంత ఇంకా కుట్టనేలేదు కదండీ" అంది చివరికి.

"కుట్టేదాకా ఇది ఇక్కడే ఉంటుంది. ఎక్కడికీ పోదు."

"అంత బొంత ఒక్క మేకుకి నిలుస్తుందా? రెండు కావాలి."

"రెండోది ఎక్కడో చూపించు."

ఆవిడ వెళ్ళి గోడకి ఆ చివర వేలు పెట్టింది. టేపు తేలేదు, వెనక్కి వెళ్ళి దూరం నుంచి చూడలేదు. ఆయన కుర్చీ అటు జరుపుకుని ఎక్కాడు, ఆవిడ వేలు తీయగానే అక్కడే కొట్టాడు.